అమ్మాయికి మైనింగ్ సీటు వస్తోంది, చేర్పించాలా?

ప్రశ్న: మాది కడప జిల్లా వేంపల్లె. జోసా (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల) కౌన్సెలింగ్‌లో మా అమ్మాయికి సూరత్కల్ ఎన్‌ఐటీలో మైనింగ్ వచ్చేలా ఉంది. కంప్యూటర్స్ సీటు రాదు. తను చేరతానంటోంది. ‘ఆడపిల్లకు గనుల్లో పనేంటి’ అని బంధువులు అడ్డుపడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చేర్పించండి. ఇష్టపడి అడుగుతున్న పిల్లను ఆపొద్దు.

బంధువులు అంటున్నది ఒకప్పుడు చట్టమే. 1952 గనుల చట్టం ప్రకారం ఆడవాళ్ళు భూగర్భ గనిలో పనిచేయకూడదు. 2019లో కేంద్రం దీన్ని సడలించి, టెక్నికల్, మేనేజర్ స్థాయి పనులకు పగటిపూట దిగనిచ్చింది. రాతపూర్వక సమ్మతి ఉండాలని, షిఫ్టులో కనీసం ముగ్గురు మహిళలు ఉండాలని షరతు పెట్టింది.

దీనివల్ల జరిగిన అసలు మేలు వేరే ఉంది. గని మేనేజర్ కావాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు. గనిలో అనుభవం సంపాదించి, డీజీఎంఎస్ (కేంద్ర గనుల భద్రతా సంస్థ) పెట్టే పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఓపెన్‌కాస్ట్‌కు, అంటే నేల పైనుంచి తవ్వే గనులకు మాత్రమే పనికొచ్చే ‘రెస్ట్రిక్టెడ్’ ఒకటి, భూగర్భ గనులకూ చెల్లే ‘అన్‌రెస్ట్రిక్టెడ్’ ఒకటి. రెండోదానికి భూగర్భంలో పనిచేసిన అనుభవం కావాలి. కిందికి దిగనివ్వకపోతే ఆ అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎంత చదివిన అమ్మాయైనా అక్కడే ఆగిపోయేది. ఇప్పుడా అడ్డు లేదు. హిందుస్థాన్ జింక్‌లో సంధ్య రసకట్ల అనే తెలుగమ్మాయి భూగర్భ గని మేనేజర్ అయింది. మీ అమ్మాయి గురి కూడా అన్‌రెస్ట్రిక్టెడ్ మీదే ఉండాలి.

ఇక డిమాండ్ మాట. పెట్రోల్ కారుతో పోలిస్తే ఎలక్ట్రిక్ కారుకు ఆరు రెట్లు ఖనిజాలు కావాలని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క. లిథియం, కోబాల్ట్, నికెల్ కోసం మనం దిగుమతుల మీదే బతుకుతున్నాం. అందుకే 2025 జనవరిలో కేంద్రం కీలక ఖనిజాల మిషన్‌ను ఆమోదించింది. ఆస్ట్రేలియా, అమెరికాల్లో సీనియర్లు రిటైరవుతుంటే ఈ చదువుకు వచ్చే పిల్లలు తగ్గారు. అలాగని లిథియం గనిలో ఉద్యోగం కాచుకుని ఉంటుందనుకోవద్దు. మన దేశంలో ఉద్యోగాలు ఇప్పటికీ ఎక్కువగా బొగ్గు, ఇనుము, సున్నపురాయి, జింక్ గనుల్లోనే. మొదటి పోస్టింగ్ ఊరికి దూరంగా, దుమ్ములో, షిఫ్టుల్లో ఉంటుంది. ఇది అమ్మాయికి దాచకుండా చెప్పండి.

మీకు దగ్గర్లోనే తుమ్మలపల్లె యురేనియం గని ఉంది, అదీ భూగర్భ గనే. చేరాక సెలవుల్లో అక్కడ ట్రైనింగ్‌కు అవకాశం ఉందేమో కాలేజీ ద్వారా అడిగించండి. ఆప్షన్లు లాక్ చేసేలోపు మాత్రం కంటి డాక్టర్ దగ్గర రంగులు గుర్తుపట్టే పరీక్ష చేయించండి. గని ఉద్యోగాల మెడికల్‌లో దాన్ని గట్టిగా చూస్తారు.