చెల్లు వేయని నోటు

చిరంజీవికి,

నీ నవలిక అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి భోజనం చేశాక, రెండోసారి మర్నాడు పొద్దున్నే పెన్సిలు పట్టుకుని. రాత్రి చదివినప్పుడు బాగుందనిపించింది, పొద్దున అంత బాగా అనిపించలేదు. మెచ్చుకోవడం కోసమే పంపి ఉంటే ఇక్కడితో ఆపేసి మడిచిపెట్టుకో అబ్బయ్యా, మిగతాదంతా పెన్సిలు గీతల సంగతే.

ముందు చిన్నవి. మీ వాడిని, అదే నీ కథానాయకుణ్ణి, పదిహేనేళ్ళ తర్వాత కందుకూరు రైల్వే స్టేషన్లో దింపావు. కందుకూరుకు రైలెక్కడిది? సింగరాయకొండలో దిగాలి. దిగాక బస్సుకో షేర్ ఆటోకో నిలబడాలి. నువ్వు వదిలేసింది ఉత్త భూగోళం కాదు, నీ కథలో అన్నిటికన్నా మంచి అధ్యాయం. ఆటోలో ఎదురుగా కూర్చున్న ముసలాయన ఊరుకుంటాడా? "ఎవురి తాలూకబ్బాయ్ నువ్వు?" అంటాడు. బెంగళూరులో ఇన్నేళ్ళలో వాడిని ఎవరూ అడగని ప్రశ్న అది. తండ్రి పేరు చెప్పాలా, అబద్ధం చెప్పాలా? నువ్వు ఆరు పేజీలు రాసిన అంతర్మథనం ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడిపోతుంది.

తర్వాత, జూన్‌లో జోరు వాన కురిపించావు, పచ్చటి పొగాకు తోటలు చూపించావు. సినిమాల్లో వాన ఎప్పుడైనా పడుతుంది. మన దగ్గర మృగశిర వచ్చినా ఎండ దిగదు. మనకు గట్టి వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో. నాట్లు కూడా ఆ రోజుల్లోనే. జూన్, జులైలో పొలంలో ఆకు ఉండదు, వేలం కేంద్రం ముందు బేళ్ళు ఉంటాయి. ఎండకు తువ్వాలు నెత్తిన వేసుకుని, ధర ఎంత పలుకుతుందోనని టెన్షన్‌తో నిలబడ్డ రైతులుంటారు. మీ వాడు చూడాల్సింది వాళ్ళనే. వాళ్ళలో వాడి నాయన వయసు వాళ్ళు ఎంతమంది లేరు?

ఇంకోటి, ఇది సరదాకి చెప్తున్నా. కందుకూరు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు నెల్లూరు నుంచి అందులోకి పోయింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. 2022లో ఊరు మళ్ళీ నెల్లూరులో కలిసింది. మీ వాడి పాత సర్టిఫికెట్ల మీద ఒక జిల్లా, 2025లో దిగిన ఊరి బోర్డుల మీద ఇంకో జిల్లా. ఊరు కదలకుండానే పోయి వచ్చింది, వీడు మాత్రం ఇప్పుడొస్తున్నాడు. వాడుకుంటే వాడుకో.

ఇక అసలు సంగతి. "గతం", "చేదు జ్ఞాపకం", "తప్పు" అనే మాటలు లెక్కపెట్టాను. మొదటి ముప్పై పేజీల్లో పందొమ్మిది సార్లు వచ్చాయి. ఇంతకీ ఆ తప్పేమిటో నలభయ్యో పేజీదాకా చెప్పలేదు. చెప్పిందీ రెండు వాక్యాలే. నవంబరు తుఫానుకు వాళ్ళ తోట పోయింది, అప్పుకు వాడు ప్రేమించిన అమ్మాయి నాన్న జామీను ఉన్నాడు, వీళ్ళు రాత్రికి రాత్రి ఊరు విడిచి పోయారు, అప్పు వాళ్ళ నెత్తిన పడి ఇల్లు అమ్ముకున్నారు. అంతే. పాఠకుడు నీ మీద జాలిపడి మిగతాది ఊహించుకోవాలి.

ఎంత అప్పు? ఎవరి దగ్గర? నూటికి రెండు రూపాయల వడ్డీయా, మూడా? ప్రోనోటు మీద సంతకం ఇంట్లో పెట్టారా, కొట్లో పెట్టారా? ఇవన్నీ కథకెందుకులే అనుకున్నట్టున్నావు. మన వైపు తప్పులు ఎక్కువగా కాగితం మీదే జరుగుతాయి. కత్తులతో జరిగేవి తక్కువ. ప్రోనోటుకు మూడేళ్ళే గడువని నీకు తెలుసు కదా. ఆ లోపల ఎంతో కొంత కట్టి నోటు వెనక చెల్లు వేస్తే, ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు బతుకుతుంది. వేయకపోతే కోర్టులో ఆ కాగితానికి విలువ లేదు. మీ వాడు పదిహేనేళ్ళకు వస్తున్నాడు. చట్టం ప్రకారం వాడిని ఎవరూ ఏమీ అడగలేరు. అడగలేరని వాడికి తెలుసు. తెలిసీ సింగరాయకొండలో దిగాడు. నీ కథ ఇక్కడ మొదలవ్వాలి. బాకీ తీరాక సంతకం చించేసిన ఆ నోటు ఇంకా ఆ అమ్మాయి వాళ్ళ ట్రంకు పెట్టెలో ఉంటుందని నా అనుమానం. మన పెద్దవాళ్ళు అట్లాంటి కాగితాలు పారేయరు.

ఇంకో చిక్కు ఉంది. ఆ అప్పు చేసింది తండ్రి. పారిపోదామన్నదీ తండ్రే. వీడికప్పుడు పందొమ్మిదేళ్ళు. తండ్రి బాకీకి కొడుకు ఏడుస్తుంటే మంచి కొడుకనిపిస్తాడు గానీ తప్పు చేసినవాడనిపించడు. వీడు తన చేత్తో చేసిందేమిటి? నువ్వు రాసిన దాంట్లోనే ఉంది, నీకే కనపడలేదు. ముప్పై ఒకటో పేజీ చూడు. వెళ్ళిపోయే ముందు రాత్రి వీడు ఆ అమ్మాయి వాళ్ళ బ్యారన్ దగ్గరికి, అదే పొగాకు కాల్చే కొట్టం దగ్గరికి, వెళ్ళాడు. ఫిబ్రవరి. పొయ్యి వెలిగించాక ఐదారు రోజులు రాత్రింబవళ్ళు ఎవరో ఒకరు వేడి చూసుకుంటూ కూర్చోవాలి కదా, ఆ రాత్రి వంతు ఆ పిల్లది, వాళ్ళ తాతది. తాత గోనెపట్టా మీద కునుకు తీస్తున్నాడు. వీడు గంట కూర్చున్నాడు, ఫ్లాస్కులో టీ తాగాడు, "రేపు కనపడతా" అని లేచాడు. ఇంట్లో మూటలు కట్టి ఉన్నాయని తెలిసి కూడా ఆ మాట అన్నాడు.

అదే వాడి తప్పు! ఆ గంటను నువ్వు నాలుగు లైన్లలో దాటేశావు. నాలుగు పేజీలు రాయి. ఆకు ఉడికే వాసన, థర్మామీటర్ మీద టార్చిలైటు, పొయ్యిలోకి ఇంకో మొద్దు తోసినప్పుడు ఎగిసే నిప్పురవ్వలు. వాడు చెప్పబోయి ఆగిపోయిన చోట్లు రెండో మూడో ఉండాలి. మూడోసారి తాత దగ్గాడనుకో. తాత దగ్గు వల్లే చెప్పలేకపోయానని వాడు పదిహేనేళ్ళు తనకు తాను చెప్పుకుని ఉంటాడు. మనుషులకు అట్లాంటి సాకులే అక్కరకొస్తాయి.

నాకెట్లా తెలుసంటావా? 1983లో నేనో కథ రాశాను. మా వీధిలో ఒకామె ఉండేది, నాకన్నా రెండేళ్ళు పెద్ద. కథలో ఆమె పేరు మార్చాను గానీ వాళ్ళింటి ముందు జామచెట్టు మార్చలేదు, ఆమె నడకలో ఉన్న చిన్న కుంటు మార్చలేదు. సాయంత్రాలు ఎక్కడికో వెళ్తుందని, ఎందుకో మీరే ఊహించుకోండన్నట్టు ఓ ముగింపు తగిలించాను. ఆమె వెళ్ళేది టైపు నేర్చుకోవడానికి. అది నాకు తెలుసు. తెలిస్తే కథ పండదని ఎరగనట్టు రాశాను. వారపత్రికలో అచ్చయింది, వీధంతా చదివింది. వాళ్ళన్న ఆమెను టైపు మాన్పించాడు. లోయరు పరీక్ష ఇంకో నెలలో ఉంది.

నేను నెల్లూరు, అక్కణ్ణించి మద్రాసు పోయాను. రచయితనయ్యాను. 2009లో ఊరెళ్ళినప్పుడు ఆమె దగ్గరికి వెళ్ళాను. బస్సులో కూర్చుని ఏం చెప్పాలో వాక్యాలు చెక్కుకుంటూ పోయాను, సిగ్గులేకుండా. ఆమె కర్రీ పాయింట్ నడుపుతోంది. చింతపండు గింజలు తీస్తోంది. ప్లాస్టిక్ కుర్చీ చూపించింది. నేను గొంతు సవరించుకునే లోపలే అడిగింది: "ఆ కథకి ఎంతిచ్చారు నీకు?"

"డెబ్బై ఐదు రూపాయలక్కా."

"అందులో సగం నాది గదా."

నవ్వుతోందేమోనని మొహం చూశాను. నవ్వడం లేదు. జేబులోంచి అయిదొందల నోటు తీశాను. "చిల్లర లేదా?" అంది. పక్కనున్న కిరాణా కొట్టుకెళ్ళి మార్చుకొచ్చాను. ముప్పై ఏడు రూపాయలు లెక్కపెట్టి తీసుకుని గల్లాపెట్టెలో వేసుకుంది. "అర్ధరూపాయి వొదిలేశాలే. టైపు పరీక్ష ఫీజెంతో నీకు తెల్సా? నాకు గుర్తుంది" అంది. ఎంతో చెప్పలేదు. ఈలోగా ఎవరో సాంబారుకని వస్తే లేచింది. తిరుగు బస్సు కావలి దాటాక గుర్తొచ్చింది, నేను చెక్కుకున్న వాక్యాల్లో ఒక్కటీ బయటికి రాలేదని. క్షమించమని అడగనే లేదు.

నీ యాభై రెండో పేజీలో మీ వాడు అడిగాడు. యాభై నాలుగులో ఆ అమ్మాయి వాడి భుజం మీద తల వాల్చింది. అబ్బయ్యా, ఆమె అంత తీరిగ్గా ఉందా? ముప్పై నాలుగేళ్ళ మనిషి. ఇల్లు పోయాక అద్దె ఇంట్లో పదిహేనేళ్ళు బతికింది. ఆ బతుకులో ఏం చేసిందో నువ్వు ఒక్క ముక్క రాయలేదు. గుమ్మంలో నిలబెట్టి కళ్ళొత్తుకునేట్టు చేశావు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించిన ప్రాంతం ఇది. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా పోయింది. అట్లాంటి చోట పుట్టి పెరిగిన మనిషికి నోట్లో నాలుక లేకుండా చేస్తే ఎట్లా? ఆమెకో పని ఇవ్వు. రిజిస్ట్రారు ఆఫీసు పక్కన జిరాక్స్ షాపు పెట్టించు. సంతకానికి ముందు చదువుకోమని అందరికీ చెప్తుంటుంది. లేదు, వద్దులే, మరీ అతికినట్టుంది. నువ్వే ఏదన్నా చూడు.

ప్రేమ రాయొద్దని కాదు, వాళ్ళిద్దరూ కలవాలనే నాకూ ఉంది. అయితే వాడు తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి ఆమె ప్రేమించింది అన్నట్టు రాశావే, అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఆమె ఇంకా వాడికి బాకీ ఉన్నట్టుంది అది. వాళ్ళు దగ్గరవ్వాలంటే ముందు కొన్నాళ్ళు మామూలు మాటలు మాట్లాడుకోవాలి. తాత ఎప్పుడు పోయాడు, మోటారు ఎందుకు కాలింది, ఈసారి ఆకు ధరెంత. క్షమాపణ ఊసు రాకుండా నలభై పేజీలు నడిపించి చూడు.

రొట్టెల పండుగ తెచ్చావు, నాకు చాలా నచ్చింది. కానీ పెద్ద పొరపాటు చేశావు. స్వర్ణాల చెరువు నీళ్ళల్లో నిలబడి ఆమె వాడికి పెళ్ళి రొట్టె ఇచ్చిందన్నావు. రొట్టె ఇచ్చేది కోరిక తీరినవాళ్ళు, పట్టేది కోరిక ఉన్నవాళ్ళు. ఆమె చేతిలో పెళ్ళి రొట్టె ఉందంటే ఆమెకు పెళ్ళైపోయిందని కదా అర్థం! నెల్లూరు వాళ్ళు చదివితే నవ్వుతారు. పండుగ మొహర్రంతో ముడిపడింది కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుగానే వస్తుంది. 2025లో జులై మొదట్లో వచ్చింది. అంటే నీ వేసవి కథకు సరిగ్గా కుదురుతుంది, వానొక్కటి తీసేస్తే చాలు.

ఆమె చేతిలో సొంతింటి రొట్టె పెట్టు. ఎవరి సాయం లేకుండా మళ్ళీ ఇల్లు కట్టుకుంది, మొక్కు తీర్చడానికి వచ్చింది. నెత్తిన కొంగు కప్పుకుని, మోకాలిలోతు నీళ్ళలో "ఇంటి రొట్టె, ఇంటి రొట్టె" అని పిలుస్తోంది. మీ వాడు ఆ గొంతు గుర్తుపట్టాడు. వాడికి ఇల్లు అక్కర్లేదు, బెంగళూరులో ఫ్లాటుంది. అయినా చెయ్యి చాపాడు. ఆమె ఇస్తుందా? ఇచ్చి, ఎవరికిచ్చానో తర్వాత చూసుకుంటుందా? ముందే చూసి, పక్కనున్న ముసలామెకు ఇచ్చేస్తుందా? నేను రెండు రోజులుగా దీని గురించే ఆలోచిస్తున్నా. ఏదో ఒకటి రాసి పంపు.

తొందరేం లేదు. పంపే ముందు సింగరాయకొండ నుంచి కందుకూరు దాకా ఆటోలో ఒకసారి నువ్వే పోయిరా. ముందు డ్రైవరు పక్కన కూర్చోవద్దు. వెనక, ముసలాయనకు ఎదురుగా కూర్చో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు