ఆరు వైర్లల్లో కామన్ ఏది?

ప్రశ్న: సార్, మాది తిరుపతి కొర్లగుంట. మా చిన్న ఫంక్షన్ హాల్లో 3 టన్నుల డక్టబుల్ ఏసీ (డక్ట్ గొట్టాల్లోంచి గాలి పంపేది) ఉండాది. గాలి తోసే బ్లోయర్ మోటర్ కాలిపోతే వైండింగ్ కట్టించుకొచ్చినాం. కట్టినాయన గోధుమ రంగు వైర్లు రెండూ కండెన్సర్‌కి (కెపాసిటర్), మిగతా నాలుగు మీ మెకానిక్‌కి తెలుస్తాయిలే అన్నాడు, మెకానిక్ చూస్తే సీజన్ కదా ఫోనే ఎత్తడం లేదు. మా అన్న కొడుకు ఐటీఐ చదువుతా ఉండాడు, వాడు ఇంటి వైరింగ్ లెక్కన నలుపు న్యూట్రల్‌కి, ఎరుపు ఫేజ్‌కి ఇచ్చి, నీలం తెలుపు మనకి అక్కర్లేదని రెండూ కలిపి టేప్ చుట్టినాడు. స్విచ్ వేస్తానే ఎంసీబీ పడిపోయింది. తర్వాత వీడియోలో చూస్తే నలుపు హై స్పీడ్ అంటా ఉండారు. ఏది నమ్మాలి సార్? ఇంకొకటి, హీటర్ కూడా ఉండే ఏసీలో రెండు స్పీడ్లు వేరేవేరేగా ఇస్తారంట, అదెట్లా?

జవాబు: ముందు ఒక మాట, మళ్ళీ స్విచ్ వేయొద్దండి. ఎంసీబీ పడింది కాబట్టి మోటర్ ఇంకా బతికే ఉండొచ్చు, ఇంకోసారి వేసి చూద్దాం అనుకుంటే కట్టించిన డబ్బులు పోతాయి.

మీరు చూసిన వీడియో అమెరికా వాళ్ళ ఫర్నేస్ (ఇల్లు వెచ్చబరిచే మిషన్) గురించి అయుంటుంది. అక్కడ మామూలుగా నలుపు హై, నీలం మీడియం, ఎరుపు లో, తెలుపు కామన్, గోధుమవి కండెన్సర్‌కి. మన పాత ఇళ్ళ వైరింగ్‌లో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్. మోటర్ మీద నల్ల వైరు కనపడగానే మన చెయ్యి దానికదే న్యూట్రల్ వైపు పోతాది, పిల్లోడి తప్పేం లేదు, నేనూ నేర్చుకునే రోజుల్లో ఇదే చేసినా. రెండు పద్ధతులూ మీ మోటర్‌కి వర్తించవు, ఎందుకంటే వైండింగ్ కట్టేటాయన షాపులో ఏ రంగు వైరుంటే అది పెట్టేస్తాడు. రంగుని కాదు, మీటర్‌ని నమ్మండి. కొత్త మోటర్ అయితే పైన అతికించిన డయాగ్రమ్ని నమ్మండి.

మీటర్ ఎట్ల చెప్తాదో చూడండి. ఈ రకం మోటర్లో మూడు స్పీడ్లకి మూడు కాయిళ్ళు ఉంటాయని చాలామంది అనుకుంటారు. కాదండి. మెయిన్ కాయిల్ ఒకటే, ఒక కొస కామన్, రెండో కొస హై, హై దగ్గర నుంచి ఇంకొన్ని చుట్లు చుట్టి మీడియం అని ఒక వైరు బయటికి తీస్తారు, ఇంకొన్ని చుట్టి లో అని తీస్తారు. చుట్లు పెరిగేకొద్దీ కరెంటు తగ్గుతాది, మోటర్ బలం తగ్గి ఫ్యాన్ నిదానిస్తాది, అంతే. అందుకని పవర్ పూర్తిగా ఆపి, కండెన్సర్ వైర్లు ఊడదీసి, మిగతా నాలుగు వైర్ల మధ్య రెండు రెండుగా ఓమ్స్ కొలిచి పేపర్ మీద రాసుకోండి. అన్నిటికంటే పెద్ద రీడింగ్ ఏ రెండింటి మధ్య వస్తే అందులో ఒకటి కామన్, ఒకటి లో. మాటకి, ఆ పెద్దది 27 ఓమ్స్ అనుకుందాం. ఆ రెండిట్లో ఏ వైరు నుంచి చూస్తే మిగతా రెండూ దూరంగా 18, 22 అట్ల చూపిస్తాయో అది కామన్. 18 చూపించింది హై, 22 చూపించింది మీడియం. రెండో వైపు నుంచి చూస్తే 5, 9 అని చిన్న రీడింగ్‌లు వస్తాయి, అది లో. 18, 4, 5 కలిపితే 27 రావాల, అట్ల లెక్క కుదరాల. కుదరకపోతే లోపల కనెక్షన్ వేరే రకంగా ఇచ్చుంటారు, అప్పుడు ఊహించి కలపొద్దు, కట్టినాయన దగ్గరికే మోటర్ తీసుకుపోయి డయాగ్రమ్ రాయించుకోండి.

ఇప్పుడు మీవాడు చేసింది చూద్దాం. మీ వైర్లు ఒకవేళ ఆ అమెరికా వరసలోనే ఉంటే, 230 వోల్టులూ హైకీ లోకీ మధ్య ఉండే ఆ కొద్దిపాటి చుట్ల మీద పడినాయి. అది చాలదన్నట్టు నీలం తెలుపు కలిపేసినాం కదా, అంటే కామన్, మీడియం షార్ట్, మెయిన్ కాయిల్ మొత్తం షార్ట్ అయినట్టే. ఎంసీబీ పడక ఏం చేస్తాది పాపం.

వాడని స్పీడ్ వైర్ల విషయంలో నేను ఎంత చెప్పినా తక్కువే. అవి ఖాళీ వైర్లు కాదండి, కాయిల్ ఒకటే కాబట్టి మోటర్ తిరిగేటప్పుడు వాటిల్లోనూ వోల్టేజ్ ఉంటాది. హైకి 230 ఇస్తే లో వైరు కొసకి అంతకంటే ఎక్కువే వస్తాది, ట్రాన్స్‌ఫార్మర్ లాగా. ఒక లాడ్జిలో మిగిలిన రెండు వైర్లూ నీట్‌గా ఉంటాయని మెలిపెట్టి టేప్ చుట్టినారు, మోటర్ తిరిగింది, గాలి కూడా వచ్చింది, ఒక గంటకి వాసన పట్టుకుని నేను పైకెక్కి చూస్తే వైండింగ్ నల్లగా మాడిపోయుండాది. అందుకే ఏ వైరుకి ఆ వైరు విడిగా స్లీవ్ వేసి, టేప్ చుట్టి, బాడీకి తగలకుండా కట్టండి. ఒక టైమ్‌లో ఒక్క స్పీడ్ వైరుకే ఫేజ్.

మీ హీటర్ ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉండాది. చలి దేశాల్లో ఒకే బ్లోయర్‌తో ఎండాకాలం చల్లగాలి, చలికాలం గ్యాస్ ఫర్నేస్ వేడి రెండూ పంపుతారు. కూలింగ్‌కి టన్నుకి సుమారు 400 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి కావాల, మీ 3 టన్నులకి 1200. అందుకే కూలింగ్‌కి పెద్ద స్పీడ్, వేడికి మామూలుగా తక్కువ స్పీడ్ పెడతారు. రెండూ పొరపాటున ఒకేసారి పడకుండా ఒక రిలే (కరెంటుతో దానంతటదే మారే స్విచ్) ఉంటాది, దాని మధ్య పాయింట్‌కి ఫేజ్, మామూలుగా కలిసుండే పాయింట్‌కి హీటింగ్ స్పీడ్ వైరు, రిలే లాగినప్పుడు కలిసే పాయింట్‌కి కూలింగ్ స్పీడ్ వైరు. ఒకటి వదిలితేనే ఇంకోటి పట్టుకుంటాది. రెండు మామూలు స్విచ్‌లు పెట్టి ఈ పని చేయించాలనుకోవద్దు, ఎవరో ఒకరు రెండూ వేస్తారు. మన తిరుపతి ఎండకి మీకు హైయే కావాల, స్పీడ్ మరీ తగ్గిస్తే కూలింగ్ కాయిల్ మీద ఐస్ కడతాది.

కలిపే ముందు మెగ్గర్ (ఇన్సులేషన్ చూసే మీటర్) ఉండేవాళ్ళని పిలిచి ప్రతి వైరుకీ బాడీకీ మధ్య చూపించండి, ఒకసారి షార్ట్ తిన్న మోటర్ కదా. ఎర్త్ తప్పకుండా ఇవ్వండి. తిరగడం మొదలయ్యాక రెండు చూడండి. ఒకటి దిక్కు. బ్లోయర్ ఉల్టా తిరిగినా గాలి ముందుకే వస్తాది, కాకపోతే చాలా తక్కువ వస్తాది, అందుకే మోసపోతాం, వైండింగ్ కట్టించినాక ఇది మామూలే. బాడీ మీద బాణం గుర్తు చూసి, తేడా ఉంటే స్టార్టింగ్ కాయిల్ (మోటర్ తిరగడం మొదలుపెట్టించేది, కండెన్సర్‌తో కలిసుండేది) కొసలు మార్పించండి. రెండోది కరెంటు. క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచేది) పెట్టేటప్పుడు ప్యానెల్ మూసి, డక్ట్ తగిలించి కొలవండి, తలుపు తీసి కొలిస్తే గాలి ఎక్కువ లాగి యాంప్స్ కూడా ఎక్కువ చూపిస్తాది, లేనిపోని భయం. ప్లేట్ మీద రాసిన యాంప్స్ దాటకపోతే చాలు.

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు గ్రీంస్‌పేట. కూలర్ మూడు స్పీడ్లల్లోనూ ఊ అని శబ్దం చేస్తాది గానీ తిరగదు, చేత్తో తోస్తే తిరుగుతాది. మోటర్ పోయినట్టేనా?

జవాబు: చేత్తో తోస్తే తిరుగుతా ఉండాదంటే మెయిన్ కాయిల్ బాగుందనే అర్థం తమ్ముడూ, ముందు కండెన్సర్ మార్చు, ఎక్కువసార్లు అదే. ప్లగ్ పీకి, పాతదాని కొసలకి ఒక బల్బ్ హోల్డర్ వైర్లు తగిలించి చార్జ్ దించినాకే చెయ్యి పెట్టు. పాతదాని మీద ఎన్ని మైక్రోఫారడ్ రాసుంటే కొత్తదీ అంతే తీసుకో, వోల్టేజ్ మాత్రం అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ వద్దు. షాపాయన 4 మైక్రోఫారడ్‌ది లేదు, 6ది వేసుకో, స్పీడ్ పెరుగుతాది అంటాడు, వినొద్దు, స్టార్టింగ్ కాయిల్ వేడెక్కిపోతాది. మార్చినాక కూడా తిరగకపోతే స్టార్టింగ్ కాయిల్ తెగిందేమో మీటర్‌తో చూపించు, తోసినా బిగుసుకుపోయినట్టు ఉంటే మాత్రం బుష్ గానీ బేరింగ్ గానీ పోయుంటాది.