పన్ను తగ్గిస్తే చాలా? నా అనుభవం ఇదీ

మీ ప్రశ్న: "పన్నులు తగ్గిస్తే చాలు, ఆర్థిక స్వేచ్ఛ దానంతట అదే వస్తుందని స్వేచ్ఛా మార్కెట్ సమర్థకులు అంటారు, నిజమేనా?" నేనూ ఆ వైపు మొగ్గేవాణ్ణే. నా పేచీ అంతా ఆ "చాలు" దగ్గరే.

ఉద్యోగం చేసినంత కాలం పన్ను గురించి పట్టించుకోలేదు. కంపెనీ కోసుకుని మిగిలింది ఖాతాలో వేసేది. జీతమెంత అని ఎవరైనా అడిగితే చేతికొచ్చేదే చెప్పేవాణ్ణి. సొంతంగా పని మొదలుపెట్టాక మొత్తం సొమ్ము ముందు నా ఖాతాలో పడింది. కొన్నాళ్ళు అక్కడే ఉంది. తర్వాత అందులోంచి అడ్వాన్స్ ట్యాక్స్ నా చేత్తో నేనే కట్టాను. శాతం దాదాపు పాతదే, కానీ ప్రభుత్వ ఖర్చుల వార్తలు శ్రద్ధగా చదవడం ఆ రోజు నుంచే మొదలైంది.

ఇందులో ఒక తమాషా ఉంది. అమెరికాలో 1943లో జీతంలోంచే పన్ను కోసే పద్ధతి వచ్చింది. యుద్ధ ఖర్చుల కోసం దాన్ని రూపొందించినవాళ్ళలో, అప్పట్లో ట్రెజరీలో, అంటే అక్కడి ఆర్థిక శాఖలో, పనిచేస్తున్న ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒకడు. తక్కువ ప్రభుత్వం కావాలని ఆ తర్వాత దశాబ్దాల పాటు వాదించిన మనిషి! ఆ పద్ధతి అవసరం పడకపోయుంటే బాగుండేదని తర్వాత ఆయనే అన్నాడు.

రేటు కన్నా నన్ను విసిగించింది చిక్కుముళ్ళు. ఏ ఖర్చు ఏ పద్దు కింద చూపాలో తేల్చుకోవడానికి ఆడిటర్ దగ్గర రోజులు పోయేవి. ఒక ఏడాది చివర్లో ఖర్చు కింద చూపించొచ్చని అవసరం లేని కంప్యూటర్ కొన్నాను. ఇంగ్లండ్‌లో 1696 నుంచి 1851 దాకా కిటికీల మీద పన్ను ఉండేది, జనం కిటికీలు ఇటుకలతో మూసేశారు. నేను చేసిందీ అలాంటిదే.

అందుకే నాకు యూరప్‌లోని చిన్న దేశం ఎస్తోనియా పద్ధతి నచ్చుతుంది. 1994లో అందరికీ ఒకటే రేటు, 26 శాతం, పెట్టారు. 2000 నుంచి కంపెనీ లాభాన్ని వ్యాపారంలోనే ఉంచితే పన్ను లేదు, బయటికి పంచినప్పుడే కట్టాలి.

డెన్మార్క్ సంగతి వేరు. అక్కడ పన్నులు బాగా ఎక్కువ, అయినా ఆర్థిక స్వేచ్ఛ సూచీల్లో పై వరుసలోనే ఉంటుంది. ఆ సూచీలు ఆస్తి హక్కులు, కోర్టులు, వ్యాపారం పెట్టడంలో సులువు కూడా చూస్తాయి మరి.

ఇక అమెరికాలోని కాన్సాస్. ఆ రాష్ట్రం 2012లో పన్నులు బాగా తగ్గించింది, కొన్ని రకాల వ్యాపార ఆదాయం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను పూర్తిగా తీసేసింది. జీతాన్ని వ్యాపార ఆదాయంగా రాసుకునే దారి దొరికింది, ఖజానాకు గండి పడింది. 2017లో ఆ కోతల్ని చట్టసభే చాలావరకు వెనక్కి తీసుకుంది, గవర్నర్ వీటో చేసినా ఆగలేదు. ఆ దారి వెతుక్కున్నవాళ్ళను తప్పుపట్టలేను. అక్కడుంటే నేనూ అదే చేసేవాణ్ణి.