సమాధానం: నాన్నగారిని ఇప్పుడే ప్రసంగానికి పిలవకండి
సిస్టర్, వందనాలు. చర్చి కమిటీ గొడవలతో పాస్టరుగారైన మీ నాన్నగారు సంఘం వదిలేసి రెండేళ్లయింది, బైబిల్ కూడా తెరవడం లేదు, మళ్లీ పరిచర్యలోకి, అంటే దేవుని సేవలోకి, ఎలా తేవాలి అని అడిగారు.

తొందరపెట్టకండి. బైబిల్లో బదరీవృక్షం కింద ఏలీయా ప్రవక్త చావు కోరుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టి మళ్లీ పడుకోనిచ్చాడు.

మా మావయ్య కూడా ఇలాగే నలిగిపోయారు. విజయవాడలో పాస్టర్ క్వార్టర్స్ ఖాళీ చేయించిన రోజు ప్రసంగాల నోట్సు గోనెసంచిలో కట్టి అటక మీద పడేశారు. ఆదివారం గుడి గంట వినపడితే కిటికీ మూసేసేవారు. ఆ సంఘంతో సంబంధం లేని ఒక పెద్ద పాస్టరుగారు వారంవారం వచ్చి, టీ తాగుతూ ఆయన చెప్పేది వినేవారు. అంతే, సలహాలు లేవు. నిద్ర పట్టకపోతే డాక్టరుకి చూపించాం. డాక్టరు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదండీ. ఏడాదికి చివరి బెంచీలో కూర్చున్నారు. తర్వాత ఒక ఇంటి ప్రార్థనకి తనే వెళ్లారు.

నాన్నగారి వైపు తప్పేమైనా ఉంటే అలాంటి పెద్దాయన దగ్గరే ఒప్పుకోనివ్వండి. దాచుకుని తిరిగొస్తే పుండు మానదు.

వయసు గురించి దిగులొద్దు. 1842లో గుంటూరు వచ్చిన హేయర్ మిషనరీ అమెరికా వెళ్లిపోయి, డెబ్బై దాటాక 1869లో మళ్లీ ఇండియా వచ్చారు.

ఇంతకీ ఇంటి అద్దె ఎలా గడుస్తోంది? రాయండి, ముందు ఆ టెన్షన్ తీరాలి.