బల్లమీది కాలువ కొండ సంగతి చెబుతుందా?

ప్రశ్న: మేడమ్ గారూ, 2024 జులైలో వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఊళ్లను బురద, బండరాళ్లు ఊడ్చేశాయి కదా. మావాడు ఎంటెక్‌లో ప్లాస్టిక్ కాలువలో ఇసుక, బురద వదిలి దాని మీదే ప్రాజెక్టు చేస్తున్నాడు. నాలుగువేళ్ల మందం బురదతో కొండ సంగతి ఏం తెలుస్తుంది? – ఒక తండ్రి, పాడేరు

జవాబు: కొంత తెలుస్తుందండీ. మిగతాది తెలిసినట్టు అనిపిస్తుంది, నా టెన్షన్ దాని గురించే.

మా ల్యాబ్‌లోనూ అలాంటి కాలువ ఉంది. గేటు ఎత్తిన రెండు మూడు సెకన్లలో అంతా అయిపోతుంది. వీడియో నెమ్మదిగా తిప్పితే మాత్రం భలే ఉంటుంది: గులకరాళ్లన్నీ ముందువరసలోకి చేరతాయి, పల్చటి బురద వెనకపడుతుంది. పల్లీలు కలిపిన బియ్యం డబ్బా ఊపితే పల్లీలు పైకొచ్చినట్టే, పెద్దరాళ్లు పైకి తేలతాయి. అడుగుకన్నా పైభాగం వేగంగా కదులుతుంది కాబట్టి అవే ముందుకు పోతాయి. కొండమీదా ఇంతే. జపాన్‌లో వాగులకు అడ్డంగా కట్టే ఇనపగొట్టాల చట్రాల్లో ఎంత సందు వదిలితే రాళ్లు ఆగుతాయో ఇలాంటి కాలువల్లోనే పరీక్షిస్తుంటారు.

చిక్కల్లా నీటితోనే. రాళ్ల సందుల్లో చిక్కిన నీటి ఒత్తిడి వాటి బరువును కొంత మోస్తుంది, రాపిడి తగ్గి ప్రవాహం చాలా దూరం పోతుంది. ఆ ఒత్తిడి దిగిపోయే సమయం మందం వర్గాన్ని (మందం × మందం) బట్టి మారుతుంది. మీటరు మందాన్ని 5 సెంటీమీటర్లకు, అంటే 20వ వంతుకు తగ్గిస్తే ఒత్తిడి 400 రెట్లు త్వరగా దిగిపోతుంది. ప్రవాహం నడిచే సమయం మాత్రం నాలుగున్నర రెట్లే తగ్గుతుంది. అంటే చిన్న కాలువలో నీటి ఒత్తిడి కొండమీదకన్నా చాలా ముందే చేతులెత్తేస్తుంది. పైగా అంత పల్చటి పొరలో బంకమట్టి జిగురు లేనిపోని పెత్తనం చేస్తుంది.

అందుకే అమెరికా జియలాజికల్ సర్వే 1991లో ఆరెగాన్ అడవిలో, 31 డిగ్రీల వాలులో, 95 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు కాంక్రీటు కాలువ కట్టింది. ఆ సంస్థ శాస్త్రవేత్త రిచర్డ్ ఐవర్సన్ బృందం అందులో టన్నులకొద్దీ ఇసుక, కంకర, నీళ్లు వదిలి చూసింది. కాస్త బంకమట్టి కలిపితే ఒత్తిడి ఎక్కువసేపు నిలిచి, ప్రవాహం ఇంకా దూరం పోయింది. చిన్న కాలువను మాత్రమే నమ్ముకుంటే మట్టి కలిపితే జిగురెక్కి ఆగిపోతుందనుకునే ప్రమాదముంది.

మీవాణ్ణి కాలువ అడుగున ప్రెషర్ సెన్సర్ పెట్టమనండి. రాళ్ల వరస, చట్రం సందుల లెక్కలు ధైర్యంగా రాసుకోవచ్చు. బురద ఎంతదూరం పోయిందో కొలిచి, దాన్ని హెచ్చవేసి మీ పాడేరు వాలుకు అన్వయిస్తే మాత్రం థీసిస్‌లో ఆ పేజీ కొట్టేయమనండి.