బ్యాటరీ డౌన్ అయితే: మేనకోడలికి మామయ్య ఉత్తరం

చిట్టితల్లీ,

సెల్ఫ్ కొడితే టిక్ టిక్‌మని ఆగిపోతోందనీ, డాష్‌బోర్డు లైట్లు మసకబారుతున్నాయనీ రాశావు. చాలావరకు బ్యాటరీ డౌనే. వాచ్‌మన్ తోస్తానన్నా వద్దను, నీది ఆటోమేటిక్, తోస్తే స్టార్ట్ కాదు. పక్క ఫ్లాటువాళ్ల కారు అడుగు, దాని బ్యాటరీ నుంచి జంపర్ కేబుళ్లతో, అంటే రెండు చివర్లా క్లిప్పులున్న ఎర్ర, నల్ల వైర్లతో, నీ బండి స్టార్ట్ చేద్దువుగాని. లారీ మాత్రం వద్దు, దానికి 24 వోల్టులు, మనకు 12.

ముందు టార్చి వేసి బ్యాటరీ చూడు. ఉబ్బినా, పగిలినా, యాసిడ్ కారుతున్నా ముట్టుకోకుండా మెకానిక్‌ని పిలువు. బాగానే ఉంటే గాజులు, ఉంగరం తీసి బ్యాగులో వేసుకో. బంగారం బ్యాటరీ ప్లస్, మైనస్ టెర్మినళ్ల మధ్య తగిలిందంటే క్షణంలో చెయ్యి కాలుతుంది. రెండు కార్లూ ఒకదానికొకటి తగలకుండా పెట్టి, ఇంజన్లు, లైట్లు, ఏసీ ఆపేసి, హ్యాండ్‌బ్రేక్ వెయ్యండి.

ఎర్ర క్లిప్పు ఒకటి నీ బ్యాటరీ ప్లస్‌కి, రెండోది వాళ్ల ప్లస్‌కి. నల్లది ముందు వాళ్ల మైనస్‌కి. ఇక మిగిలిన నల్ల క్లిప్పు దగ్గరే అసలు సంగతి. సెల్లార్‌లో నలుగురు చేరతారు, అందరూ దాన్ని నీ బ్యాటరీ మైనస్‌కే పెట్టమంటారు. అలా పెట్టినా బండి స్టార్ట్ అవుతుంది, అందుకే ఆ అలవాటు పోదు. కానీ ఆఖరి క్లిప్పు తగిలేటప్పుడు చిటుక్కుమని నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీలోంచి వచ్చే హైడ్రోజన్ దానికి అంటుకుంటే బ్యాటరీ పేలి యాసిడ్ ముఖాన పడుతుంది. అందుకని బ్యాటరీకి దూరంగా, నీ కారు ఇంజన్ మీద రంగు లేని గట్టి బోల్టుకు పెట్టు. కారు మాన్యువల్‌లో ఆ చోటు చూపించి ఉంటే అక్కడే. ముఖం మాత్రం పక్కకు తిప్పుకో.

వాళ్ల ఇంజన్ ఐదు నిమిషాలు తిరగనిచ్చి, నువ్వు సెల్ఫ్ కొట్టు. ఐదారు సెకన్లకు మించి పట్టుకోకు, నిమిషం ఆగి మళ్లీ కొట్టు. మూడుసార్లకీ రాకపోతే వదిలెయ్, తప్పు ఇంకెక్కడో ఉంది. స్టార్ట్ అయ్యాక క్లిప్పులు పెట్టిన వరసను తిరగేసి ఒక్కొక్కటే తీసెయ్. ముందు బోల్టుకున్న నల్లది, చివర నీ ప్లస్ మీది ఎర్రది. తీసినవి ఒకదానికొకటి తగలనీయకు.

వెంటనే బండి ఆపెయ్యకు, అరగంటైనా తిప్పు. దాంతో ఫుల్ ఛార్జ్ ఎక్కదనుకో, సాయంత్రానికి షాపులో చెక్ చేయించు. నాలుగేళ్లు దాటిన బ్యాటరీ అయితే మార్చేసెయ్, పాతది ఇస్తే రేటులో తగ్గిస్తారు.

మామయ్య