రన్‌వే కింది నేల

చిరంజీవికి,

గ్రీనమ్ కామన్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి మూడు పేజీల నిండా విమానాలే. రెక్కల వెడల్పు, ఇంజన్ల బలం, ఏ దళం ఎప్పుడు దిగింది... శ్రద్ధగా పోగుచేశావు, కాదనను. కానీ పైన మరో స్థావరం పేరు పెట్టినా ఆ పేజీలు అలాగే చెల్లిపోతాయి.

కథ ఆ పేరులోనే ఉంది. కామన్ అంటే ఊరుమ్మడి బీడు. ఇంగ్లండులోని బెర్క్‌షైర్‌లో, న్యూబరీ పట్టణం పక్కన, చుట్టుపక్కల వాళ్లకు పశువులు మేపుకునే హక్కున్న నేల అది. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వం దాన్ని తీసుకుని వైమానిక స్థావరం చేసింది. కాబట్టి నేల మీద దృష్టి పెట్టు. విమానాలు వస్తాయి, పోతాయి.

1944 జూన్ 5 సాయంత్రాన్ని 'చారిత్రాత్మక ఘట్టం' అని ఒక్క వాక్యంలో దాటేశావు. (అన్నట్టు, ఆ మాట 'చారిత్రక'.) మిత్రరాజ్యాల సేనాధిపతి ఐసెన్‌హోవర్ ఆ రోజు అక్కడికి వచ్చి అమెరికా 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ పారాట్రూపర్లతో మాట్లాడాడు. ఆ ఫోటో మళ్లీ చూడు. కుర్రాళ్లు ముఖాలకు నలుపు పూసుకుని నిలబడ్డారు, కొన్ని గంటల్లో జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోని నార్మండీ చీకట్లోకి దూకబోతున్నారు. దీనికి విశేషణం ఎందుకు?

1950లలో అమెరికా వైమానిక దళం కోసం మూడు కిలోమీటర్ల రన్‌వే వేసిన సంగతికి రెండు వాక్యాలు చాలు. అసలు సరుకు 1981లో మొదలవుతుంది. అణు క్రూయిజ్ క్షిపణులను అక్కడ పెట్టవద్దంటూ కొందరు మహిళలు వేల్స్‌లోని కార్డిఫ్ నుంచి నూరు మైళ్లకు పైగా నడిచివచ్చి, కంచె పక్కనే మకాం వేశారు. ఆ శిబిరం 2000 వరకూ సాగింది. 1982 డిసెంబరు 12న దాదాపు 30,000 మంది చేతులు కలిపి తొమ్మిది మైళ్ల కంచెను చుట్టేశారు. అయినా మరుసటి నవంబరులో క్షిపణులు వచ్చాయి. 1987లో ఇలాంటి క్షిపణులను తొలగించే ఒప్పందం మీద అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచేవ్ సంతకాలు చేశారు, 1991లో చివరి క్షిపణులు వెళ్లిపోయాయి. 'మహిళలు తరిమికొట్టారు' అని తేల్చేశావు. తొందరపడకు. సంతకం చేసిన ఇద్దరికీ ఎవరి లెక్కలు వాళ్లకున్నాయి. శిబిరం బరువెంతో తూచే తక్కెడ నీ దగ్గర లేదు, నా దగ్గరా లేదు. జరిగింది వరసగా చెప్పు, తూకం పాఠకుడే వేసుకుంటాడు.

నువ్వు పూర్తిగా వదిలేసిన సంగతి ఒకటుంది, నాకైతే అన్నిటికంటే అదే ఇష్టం. అనుమతి లేకుండా స్థావరంలోకి అడుగు పెడితే నేరమంటూ 1985లో నిబంధనలు తెచ్చారు. శిక్షపడిన ఇద్దరు మహిళల కేసు అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. సైనిక భూముల గురించి 1892లో చేసిన చట్టం ప్రకారం అలాంటి నిబంధనలు ఉమ్మడి హక్కులకు భంగం కలిగించకూడదు. ఇవి కలిగిస్తున్నాయి కనుక చెల్లవని 1990లో తీర్పు వచ్చింది. ఆ మహిళలకు సొంతంగా మేత హక్కేమీ లేదు, అయినా శిక్ష నిలవలేదు. అణ్వాయుధాలకు కాపలాగా రాసిన నిబంధనలను ఆవులు మేపుకునే హక్కు కొట్టేసింది! ఇంత కథ చేతిలో పెట్టుకుని ఇంజన్ల బలం గురించి రాస్తావా?

ఇక ముగింపు. 'శాంతి వెల్లివిరిసింది' అన్నావు, కొట్టేశాను. కంచె తీసేశారు, బీడు మళ్లీ జనానికి తెరిచారు, పశువులు మేస్తున్నాయి. క్షిపణుల కోసం కట్టిన ఆరు మట్టిదిబ్బల గూళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. రన్‌వే పగలగొట్టగా వచ్చిన కాంక్రీటు ఎటు వెళ్లిందో నువ్వు వెతకలేదు. కొంత న్యూబరీ బైపాస్ రోడ్డు కిందకు వెళ్లింది. ఆ రోడ్డు కోసం చెట్లు నరకవద్దని 1996లో జనం కొమ్మలెక్కి కూర్చున్నారు. అక్కడి నుంచి వెనక్కి రాసుకుంటూ రా. చిత్తుప్రతి వచ్చే నెలలో పంపు, ఈసారి విమానాలు ఒక పేజీ దాటకూడదు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు